కేట్ చేతులు, మేఘన్ మెడ, మన ఉక్కపోత

చర్చి పెళ్ళికి గౌను కుట్టించుకోవడానికి వచ్చే అమ్మాయి కుర్చీ చూపించినా కూర్చోదు. నిలబడే ఫోను తీసి, బొమ్మలు ఒక్కొక్కటే జరుపుతూ "ఆంటీ, చేతులు ఇలా ఉండాలి, మెడ మాత్రం ఇలా" అంటుంది. ఆ ఫోనులో కనిపించేది సినిమా తార కావచ్చు, కేరళలో ఎవరో పెళ్ళికూతురు కావచ్చు. ఆ మెడ ఎక్కడిది, ఆ చేతులు ఎక్కడివి అని ఆరా తీస్తూ పోతే చాలాసార్లు ఇంగ్లండు రాజుగారింటి పెళ్ళి దగ్గరే తేలుతుంది. ఆ సంగతి అమ్మాయికి తెలియదు. తెలియకపోయినా వచ్చే నష్టమేమీ లేదు. కత్తెర నా చేతిలో ఉంటుంది కాబట్టి నేను తెలుసుకోవాల్సి వచ్చింది.

విశాఖపట్నం వన్ టౌన్‌లో మాది చిన్న దుకాణం. మా అమ్మ కాలం నుంచీ తెల్ల గౌన్లు, తెల్ల చీరల మీదికి జాకెట్లు, చిన్నపిల్లల ఫ్రాకులు కుడుతున్నాం. ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఒకటే. రాణుల గౌన్లలో డబ్బంతా పోసిన భాగం ఏదీ మన దాకా రాదు. తోక రాదు, ముత్యాలు రావు, తలమీది వజ్రాలు అసలే రావు. వచ్చేవి మెడ, చేతులు. అందుకు కారణం చాలా మామూలుది. పెళ్ళి ఫోటోల్లో ఎక్కువ భాగం నడుము పైవరకే ఉంటాయి. పైగా మెడనీ చేతినీ ఫోటో చూసి కాగితం మీద గీసుకోవచ్చు. అసలు గౌను మన కళ్ల ముందు ఉండనక్కరలేదు. అర మీటరు గుడ్డలో తేలిపోయే మార్పు అది. తోక అలా కాదు. దానికి గుడ్డ కావాలి, వెనక పట్టుకుని నడిచే మనుషులు కావాలి, అంత పొడుగున నడవడానికి చర్చిలో దారి కావాలి.

చేతుల సంగతే ముందు చెబుతాను, మా ఇంటికి మొదట వచ్చినవి అవే కాబట్టి.

1981 జులై 29న లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఇంగ్లండు యువరాజు చార్లెస్‌తో డయానా పెళ్ళి జరిగింది. ప్రపంచమంతా కలిపి 75 కోట్ల మంది టీవీల్లో చూశారని అంచనా. ఆ లెక్కలో మేము లేము. మా ఇంట్లోనే కాదు, మా వీధి మొత్తం మీద టీవీ లేదు. మాకు ఆ పెళ్ళి పత్రికలో బొమ్మగా వచ్చింది. మా అమ్మ దాన్ని కత్తిరించి కొలతల పుస్తకంలో పెట్టుకుంది. డేవిడ్ ఎమాన్యుయెల్, ఎలిజబెత్ ఎమాన్యుయెల్ అనే భార్యాభర్తలు కుట్టిన గౌను అది. దంతపు రంగు పట్టు టఫెటా, చిన్నా పెద్దా కలిపి 10,000 ముత్యాలు, 25 అడుగుల తోక, మోచేతి దాకా ఉబ్బిన చేతులు, వాటి అంచున లేసు కుచ్చులు. అంత తోకనూ మడిచి, తండ్రితో పాటు గాజు బండిలో ఇరుక్కుని కూర్చుని వచ్చేసరికి ఆ టఫెటా అంతా నలిగిపోయింది. కెథెడ్రల్ మెట్ల దగ్గర దిగినప్పుడు ఆ ముడతలు లోకమంతా చూసింది. టఫెటాతో పని చేసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆ గుడ్డ ఒకసారి మడత గుర్తుపెట్టుకుందంటే ఇస్త్రీ పెట్టేదాకా మరచిపోదు.

మా అమ్మ ముడతల జోలికి పోలేదు, తోక జోలికీ పోలేదు. చేతులు పట్టుకుంది. బుట్ట చేతులు మనకు కొత్త కాదు, అమ్మమ్మల రవికలకే ఉన్నాయి. కొత్తదల్లా వాటి పరిమాణం. రవిక బుట్ట గుప్పిట్లో పట్టేంత ఉంటే, డయానా బుట్టకు రెండు చేతులూ చాలవు. లండన్‌లో ఆ చేతులు నిలబడ్డాయంటే అక్కడి గాలి పొడిగా ఉండబట్టీ, టఫెటా బిరుసుగా ఉండబట్టీ. ఇక్కడ సముద్రపు గాలి తగిలితే పదకొండు గంటల ప్రార్థనకు బుట్టలా ఉన్న చెయ్యి ఒంటిగంట భోజనాల వేళకు తడిసిన కాగితంలా వేలాడుతుంది. అమ్మ దానికి చేసిన ఉపాయం నాకిప్పటికీ ముచ్చటగా ఉంటుంది. పాత దోమతెరను పట్టీలుగా కత్తిరించి, దగ్గర దగ్గరగా కుచ్చు పెట్టి, భుజం కుట్టు లోపలివైపు కుట్టేసేది. పైనుంచి ఏమీ కనపడదు. లోపల ఆ వల గుడ్డను పైకి నెట్టి పెడుతూ ఉంటుంది. ఇప్పుడు నేను దుకాణంలో కొన్న గట్టి నెట్ వాడతాను. పని అదే.

ఆ చేతులు పెళ్ళి గౌన్లతో ఆగలేదు. మొదటి సత్ప్రసాదానికి వెళ్లే పిల్లల ఫ్రాకులకు, పుట్టినరోజు గౌన్లకు, ఆఖరికి పట్టు లంగా మీది జాకెట్లకూ పాకాయి. ఆ రోజుల్లో మా దుకాణంలో కుట్టిన చిన్నపిల్లల ఫోటోలు చూస్తే పిల్లలకు రెక్కలొచ్చి ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరిపోతారేమో అనిపిస్తుంది.

తరువాత చాలా ఏళ్లు చేతులే లేకుండా పోయాయి. పట్టీలు, ఆఖరికి పట్టీలు కూడా లేని గౌన్లు. చర్చిలో భుజాలు కనపడకూడదనే పెద్దవాళ్లకూ అమ్మాయిలకూ మధ్య రాజీ కుదర్చడం నా పనిలో భాగమైపోయింది. వేరుగా తీసి పెట్టుకోగలిగే చిన్న కోటు కుట్టి ఇచ్చేదాన్ని, ప్రార్థన అయ్యాక విప్పెయ్యమని. ఆ తగవును ఒక్క మధ్యాహ్నంలో తీర్చిపెట్టింది డయానా పెద్ద కొడుకు విలియంను పెళ్ళాడిన కేట్.

2011 ఏప్రిల్ 29, శుక్రవారం. మనకు మధ్యాహ్నం మూడున్నరకు పెళ్ళి మొదలైంది. దుకాణంలో చిన్న టీవీ ఉంది, మిషన్లు ఆపేసి అందరం దాని ముందు చేరాం. గౌను ఎవరు కుట్టారన్నది ఆ రోజు దాకా రహస్యం. అలెగ్జాండర్ మెక్వీన్ సంస్థకు చెందిన సారా బర్టన్ అని అప్పుడే తెలిసింది. కారు దిగుతున్నప్పుడు నేను చూసింది ముఖం కాదు, చేతులు. భుజం నుంచి మణికట్టు దాకా లేసు, కింద లైనింగ్ లేకుండా, ఒంటి రంగు కనిపిస్తూ. కప్పినట్టే ఉంది, కప్పనట్టూ ఉంది. అమ్మాయికీ అమ్మమ్మకూ ఇద్దరికీ నచ్చే చెయ్యి అది. 1956లో మొనాకో యువరాజును పెళ్ళాడినప్పుడు హాలీవుడ్ తార గ్రేస్ కెల్లీ వేసుకున్న గౌను ఫోటోను పక్కన పెట్టి చూడండి, చుట్టరికం తెలిసిపోతుంది. అవే పొడుగు లేసు చేతులు, మెడ మాత్రం మూసినది. హాలీవుడ్ స్టూడియోలో దుస్తులు రూపొందించే హెలెన్ రోజ్ చేసింది అది. ఆ గౌనుకు వాడిన బ్రస్సెల్స్ లేసు అప్పటికే నూరేళ్లు దాటిన పాతది.

కేట్ గౌను లేసు పని గురించి చదివాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. గులాబీ, ముళ్లపువ్వు, డాఫొడిల్, షామ్రాక్ ఆకు. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్, ఐర్లండు గుర్తులు. లేసులోంచి వీటిని విడివిడిగా కత్తిరించి, పల్చని పట్టు నెట్ మీద ఒక్కొక్కటీ చేత్తో కుట్టారు. కుట్టింది రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వాళ్లు. తెలుపు మాయకుండా అరగంటకోసారి చేతులు కడుక్కునేవారు. సూది మొన మొద్దుబారకుండా మూడు గంటలకోసారి సూది మార్చేవారు.

ఇది మాకు మగ్గం పని చేసిపెట్టే భాయ్‌తో చెప్పాను. ఆయన తలెత్తకుండానే "సూదుల ఖర్చు మీరు పెట్టుకుంటానంటే నేనూ మారుస్తాను మేడమ్" అన్నాడు. నిజానికి ఆయన కష్టం అంతకంటే తక్కువదేమీ కాదు. తెల్ల నెట్‌ను మగ్గానికి బిగించాక ఫ్యాను వేగం పెంచకూడదు, నెట్ ఊగితే కుట్టు వంకరపోతుంది. ఫ్యాను తగ్గిస్తే అరచేతులకు చెమట. అందుకని పక్కన పౌడరు డబ్బా, మోకాళ్ల మీద తడి తువ్వాలు, పని జరగని చోటంతా పాత తెల్ల పంచెతో కప్పి ఉంచడం. మే నెల పెళ్ళికి లేసు గౌను అంటే ఆయన మార్చి నుంచే గొణుగుతూ ఉంటాడు.

అలాంటి లేసు చేతులు కావాలని వచ్చిన వాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. చేతులకు లైనింగ్ వద్దు, ఒంటికి మాత్రం శాటిన్ కింద పల్చని నూలు మల్లు గుడ్డ లైనింగ్‌గా వేయించుకోండి. పాలిస్టర్ లైనింగ్ వేస్తే బిల్లు కొంచెం తగ్గుతుంది, పెళ్ళికూతురు మాత్రం వాగ్దానాలు చెప్పే సమయానికి తడిసి ముద్దవుతుంది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఏప్రిల్ వేరు, విశాఖపట్నంలో ఏప్రిల్ వేరు.

కేట్ గౌను వెనక వరసగా 58 గుండీలు. వాటిని మన వాళ్లు బాగా అడుగుతారు. వేస్తాను. కాకపోతే కింద జిప్ పెట్టి, పైన బట్ట తొడిగిన గుండీలు వరసగా కుట్టేస్తాను. పెళ్ళిరోజు ఉదయం ఆ గదిలో పిన్నులు, పూలు, పిన్నమ్మలు, ఫోటోగ్రాఫరు ఉండగా అన్ని గుండీలు కాజాల్లోకి దూర్చే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంతకీ తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందన్నది చాలామంది అడిగే ప్రశ్న. దానికి సమాధానం మా వన్ టౌన్‌లోనే మండపం కింద నిలబడి ఉంది. కురుపాం జమీందారు పెట్టించిన విక్టోరియా రాణి కంచు విగ్రహం అది. ఆ దారిన పోయేవాళ్లలో తల ఎత్తి చూసేవాళ్లు తక్కువ. పెళ్ళి గౌన్లు కుట్టి బతుకుతున్నదాన్ని, నేను మాత్రం మనసులో ఒక దణ్ణం పెట్టుకుంటాను.

1840 ఫిబ్రవరి 10న ఆల్బర్ట్‌ను పెళ్ళాడినప్పుడు విక్టోరియా తెల్ల శాటిన్ గౌను వేసుకుంది. అంతకుముందు రాజుల ఇళ్లలో పెళ్ళి బట్టంటే వెండి, బంగారు తీగ. 1816లో ప్రిన్సెస్ షార్లెట్ వేసుకున్న గౌను అలాంటిదే. మామూలు ఇళ్ల ఆడవాళ్లు ఉన్నవాటిలో మంచి గౌను, ఏ రంగుదైతే ఆ రంగుది, వేసుకునేవారు. ఎవరో ఒకరు అంతకుముందే తెలుపు కట్టకపోలేదు. 1558లో స్కాట్లండు రాణి మేరీ తెల్లని బట్టల్లోనే పెళ్ళి చేసుకుంది. కానీ లోకం పట్టుకున్నది విక్టోరియాను. ఆవిడ పెళ్ళినాటికి బొమ్మలు అచ్చువేసే పత్రికలు వచ్చేశాయి. మా అమ్మకు డయానా ఎలా చేరిందో, 1840 నాటి ఆడవాళ్లకు విక్టోరియా అలాగే చేరింది.

ఆవిడ ఆలోచనలో తెలుపు కంటే ముందున్నది లేసు. యంత్రాల లేసు వచ్చి ఇంగ్లండులో చేతి లేసు అల్లేవాళ్లు పస్తులుంటున్న కాలం. హోనిటన్ లేసును గౌను మీద వేసుకుంటే వాళ్లకు పని దొరుకుతుందని, డెవన్ తీరంలోని బీర్ అనే పల్లెలో 200 మందికి పైగా ఆడవాళ్లతో నెలల తరబడి అల్లించారు. ఆ లేసు బాగా కనిపించడానికి తెల్ల శాటిన్ కంటే మంచి నేపథ్యం ఏముంటుంది? తలకు కిరీటం బదులు నారింజ పూల దండ. ఆ లేసును ఆవిడ ఒక్క పెళ్ళితో పెట్టెలో పడేయలేదు. తరువాత ఎన్నో శుభకార్యాలకు వాడింది, వజ్రోత్సవపు అధికారిక చిత్రంలో కూడా తలమీద పెళ్ళినాటి ముసుగే ఉంది. మన ఆడవాళ్లు పెళ్ళి పట్టుచీరను వాడినట్టే అన్నమాట. ఒక్కరోజు వేసుకుని పెట్టెలో పెట్టేసే గౌను తరువాతివాళ్ల అలవాటు, ఆవిడది కాదు.

లేసు అనగానే నాకు నరసాపురం గుర్తొస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న క్రోషే అల్లిక గోదావరి జిల్లాలో ఇంటింటి పనిగా మారింది. బీర్ పల్లెలో బొంగరాల్లాంటి చిన్న కర్రలకు దారాలు చుట్టి దిండు మీద అల్లేది వేరు, ఇక్కడ ఒక్క కొక్కెం సూదితో అల్లేది వేరు. అయినా రెండు చోట్లా కథ ఒకటే, అల్లేవాళ్లు ఇంటి పని ముగించుకుని అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు. కూలి ఎప్పుడూ తక్కువే. నా దగ్గరకు వచ్చే పెళ్ళికూతుళ్లకు నరసాపురం లేసు చూపిస్తాను. "ఆంటీ, ఇది టేబుల్ క్లాత్‌లా ఉంది" అంటారు. నిజమే, మనం దాన్ని టేబుళ్ల మీదా టీవీల మీదా పరిచి అలా చేశాం. చేతి అంచుకు రెండంగుళాల పట్టీగా వేస్తే ఎంత బాగుంటుందో వేసి చూపించాక గానీ నమ్మరు. విక్టోరియా లాంటి ఒక పెళ్ళికూతురు నరసాపురానికి ఇంకా దొరకలేదు.

క్రోషే మాట వచ్చింది కాబట్టి ఇంకొక పెళ్ళి. 1947 నవంబరు 20న, తరువాత రాణి అయిన ప్రిన్సెస్ ఎలిజబెత్ పెళ్ళి. మనకు స్వాతంత్ర్యం వచ్చి మూడు నెలలు. ఇంగ్లండులో యుద్ధం ముగిసినా బట్టలకు రేషను కూపన్లే. యువరాణి కూడా కూపన్లు కూడబెట్టుకోవాల్సి వచ్చింది, ప్రభుత్వం అదనంగా కొన్ని ఇచ్చింది. జనం తమ కూపన్లు పంపితే చట్టం ఒప్పుకోదని తిరిగి పంపేశారు. నార్మన్ హార్ట్‌నెల్ కుట్టిన ఆ గౌనుకు 10,000 చిన్న ముత్యాలు అమెరికా నుంచి తెప్పించారు. ఆ పెళ్ళికి మన దేశం నుంచి వెళ్లిన కానుక ఒకటుంది. గాంధీగారు తానే వడికిన నూలుతో అల్లించిన చిన్న లేసు గుడ్డ, మధ్యలో జైహింద్ అని. పెళ్ళికూతురి నాయనమ్మ, రాణి మేరీ దాన్ని చూసి గోచి గుడ్డ అనుకుని చిరాకుపడిందట. లేసు విలువ అల్లినవాళ్లకు తెలిసినట్టు అందరికీ తెలియదు మరి.

తెలుపు విషయంలో మన దగ్గర చిక్కు వేరే ఉంది. తెల్లని మధుపర్కాలు కట్టుకుని పీటల మీద కూర్చునే మనమే, తెల్ల చీర అనగానే ముఖం ముడుచుకుంటాం. ఎర్రంచో పసుపంచో ఉంటే మంగళం, అంచు లేకపోతే అమంగళం. క్రైస్తవుల ఇళ్లలోనూ ముసలమ్మలు కొందరు గౌను తెల్లగా ఉన్నా ముసుగు అంచుకు ఒక బంగారు పోగు వేయమని చెవిలో చెప్పి వెళతారు. నేను వేస్తాను, ఏం పోయింది? మన రాణుల్లో మాత్రం తెలుపును ఫ్యాషన్ చేసినావిడ ఒకరున్నారు, కూచ్ బిహార్ రాణి ఇందిరాదేవి. చిన్న వయసులో భర్త పోయాక ఫ్రాన్సు నుంచి తెల్లని షిఫాన్ చీరలు నేయించి కట్టింది. తరువాత ఆవిడ కూతురు గాయత్రీదేవి కట్టిన లేత రంగు షిఫాన్ చీరలు దేశమంతటా ఆడవాళ్ల బీరువాల్లోకి వచ్చాయి. ఇది గౌను కథ కాదు గానీ, రాజుగారింట్లో కట్టిన బట్ట ఊళ్లోకి దిగడం మనకూ తెలిసిన సంగతే అని చెప్పడానికి.

ఇక తోడు పెళ్ళికూతుళ్లు.

ఈ విభాగంలో రాజకుటుంబం చేసేది ఒకటి, జనం నేర్చుకున్నది ఇంకొకటి. విక్టోరియా వెనక తోక పట్టుకున్న అమ్మాయిలు 12 మంది. వాళ్ల తెల్ల గౌన్లకు బొమ్మ రాణే గీసి ఇచ్చింది. ఎలిజబెత్‌కు ఎనిమిది మంది. గ్రేస్ కెల్లీ వెనక ఆరుగురు, పసుపు రంగు గౌన్లలో. ఇప్పటి రాచపెళ్ళిళ్లలో మాత్రం ఎక్కువగా చిన్నపిల్లలే ఉంటారు. డయానా చిన్న కొడుకు హ్యారీని పెళ్ళాడిన మేఘన్ వెనక ఆరుగురు చిన్నమ్మాయిలు, నలుగురు చిన్నబ్బాయిలు తప్ప ఎదిగిన అమ్మాయి ఒక్కతీ లేదు. ఇది మన పద్ధతికి దగ్గర. మన పెళ్ళిళ్లలో తోడు పెళ్ళికూతురంటే పట్టు లంగా కట్టుకుని, పెళ్ళికూతురి పక్కన కూర్చుని, మధ్యలో నిద్రపోయే ఏడెనిమిదేళ్ల పిల్లే కదా.

ఎదిగిన చెల్లెలిని ముందుకు తెచ్చింది కేట్ పెళ్ళే. అక్క తోక పట్టుకుని పిప్పా మిడిల్టన్ మెట్లెక్కినప్పుడు కెమెరాలన్నీ ఆమె వెనకే ఉండిపోయాయి. అదీ సారా బర్టన్ చేసిందే. దంతపు రంగు, మెడ దగ్గర జారే కుచ్చు, ఒంటిని అంటుకుని నేలదాకా జారే గుడ్డ. పెళ్ళికూతురి తెలుపును తోడు పెళ్ళికూతురు వేసుకోవచ్చా అని అక్కడ చర్చలు జరిగాయి. మాకు అలాంటి చర్చ రాలేదు. రంగు వదిలేసి, కోత పట్టుకున్నారు. ఆ ఏడాది నుంచి విశాఖ చర్చిల్లో పెళ్ళికూతురి స్నేహితురాళ్లు ఒకే రంగు చీరలు మానేసి శాటిన్ గౌన్లు మొదలుపెట్టారు. గులాబీ పొడి రంగు, లేత ఊదా, పుదీనా ఆకుపచ్చ. అందరికీ అదే జారుడు మెడ.

ఆ మెడలో ఒక కిటుకు ఉంది. గుడ్డను నిలువుగా కత్తిరిస్తే ఆ కుచ్చు రాదు, క్రాస్‌లో కత్తిరించాలి. క్రాస్‌లో కత్తిరించిన శాటిన్ ఒంటి మీద నీళ్లలా జారుతుంది, కుట్టేటప్పుడు మిషను కింద కూడా అలాగే జారిపోతుంది. గుడ్డ దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది. కత్తిరించిన ముక్కల్ని వెంటనే కుట్టకుండా ఒక రాత్రి హ్యాంగరుకు వేలాడదీయాలి. దాని బరువుకు అది సాగవలసినంత సాగాక అంచు సరిచేసి కుట్టాలి. ఈ పని ఎగ్గొడితే పెళ్ళిరోజున ఒకమ్మాయి గౌను ఒకవైపు నేల ఊడుస్తుంది, రెండోవైపు చీలమండ చూపిస్తుంది. నలుగురు అమ్మాయిలకు కలిపి గుడ్డ ఖర్చు విన్నాక "ఆంటీ, చీరలే కట్టుకుంటాం" అని వెనక్కి తగ్గినవాళ్లూ ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. చీర మళ్లీ కడతారు. ఆ శాటిన్ గౌను రెండోసారి వేసుకున్న స్నేహితురాలిని నేనింకా చూడలేదు.

ఇంకొక మాట, గట్టిగానే చెబుతాను. నలుగురికీ ఒకే మెడ కుట్టమనకండి. ఒకరు సన్నగా, ఒకరు బొద్దుగా, ఒకరు పాలిచ్చే తల్లి. రంగు ఒకటి చేసి మెడ ఎవరికి నప్పింది వాళ్లకు వేయిస్తే ఫోటోలో నలుగురూ బాగుంటారు.

మెడ అంటే మేఘన్. 2018 మే 19. జివాన్షీ సంస్థకు క్లేర్ వెయిట్ కెల్లర్ చేసిన గౌను. ముత్యం లేదు, లేసు లేదు. భుజం నుంచి భుజానికి సాగిన మెడ, ముప్పావు చేతులు, పైభాగంలో మొత్తం ఆరే ఆరు కుట్లు. అది చూసి "సింపుల్‌గా ఉంది కదా, తొందరగా అయిపోతుంది కదా" అంటారు. లేసు ఉన్న గౌనులో ఒక కుట్టు అటూ ఇటూ అయితే పువ్వు కింద దాచేయవచ్చు. ఆరు కుట్ల గౌనులో దాచడానికి చోటే లేదు. ఆ గౌనుకు నేను లేసు గౌను కంటే ఎక్కువే తీసుకుంటాను, మాట పడతాను.

అయిదు మీటర్ల ఆమె ముసుగు అంచున అప్పటి కామన్వెల్త్‌లోని 53 దేశాల పువ్వులు కుట్టారు, అందులో మన తామర కూడా ఉంది. ముసుగు చివర తామర కుట్టమని ఒకటి రెండు కుటుంబాలు అడిగాయి. కుట్టాం.

ఆ మెడతో మన దగ్గర వచ్చే ఇబ్బంది ఇంగ్లండులో ఎవరికీ రాదు. మనవాళ్లలో చాలామంది చర్చిలో ఉంగరాలతో పాటు మంగళసూత్రం కూడా కడతారు, దండలూ మార్చుకుంటారు. కేట్ మెడలాంటిదైతే సూత్రం ఒంటి మీద కూర్చుంటుంది. భుజానికి భుజం మూసిన మెడలో అది గౌను మీదికి వస్తుంది, ఫోటోలో తెల్ల శాటిన్ మీద వేలాడుతూ వేరేగా కనిపిస్తుంది. కొంచెం పొట్టి గొలుసు చేయించుకుంటే మెడ అంచుకు పైనే ఆగుతుంది, అది ముందే అనుకోవాలి. దండల గొడవ ఇంకా పెద్దది. పూలవాళ్లు దండ వాడకుండా నీళ్లు చల్లి తెస్తారు. శాటిన్ మీద ఒక్క చుక్క పడినా ఆరాక గుండ్రటి మచ్చ మిగులుతుంది. అందుకే గౌనుతో పాటు భుజాల మీద వేసుకునే పల్చని నెట్ గుడ్డ ఒకటి ఊరికే ఇస్తాను. దండ దాని మీద వేసి, ఫోటో అయ్యాక రెండూ కలిపి తీసేస్తారు. ముసుగు కూడా సూత్రం కట్టే వేళకు తీసేలా క్లిప్పుల మీద నిలపాలి. కొప్పుకు కుట్టేస్తే పెళ్ళికొడుకు చేతులు ఆ నెట్‌లో చిక్కుకుంటాయి, పాట పాడేవాళ్లు అదే చరణం మళ్లీ మళ్లీ పాడుతూ ఉండాల్సి వస్తుంది.

తోక గురించి కొంచెమే. అడిగినవాళ్లకు ఒకటిన్నర మీటరు దాటి కుట్టను. నడుము వెనక ఒక గుండీ, తోక మధ్యలో లోపలివైపు దారంతో అల్లిన చిన్న ఉచ్చు పెడతాను. చర్చి గుమ్మం దాటగానే చెల్లెలు దాన్ని పైకి తగిలించేస్తే గౌను మామూలు గౌనైపోతుంది. బీచ్ రోడ్డులో ఫోటోలు తీయించుకోకుండా మన వాళ్లు ఇంటికి వెళ్లరు, తడి ఇసుకలో ఈడ్చిన నెట్‌ను మళ్లీ తెల్లగా చేసే సబ్బు నాకు తెలిసి లేదు.

మన దాకా రానిది కూడా ఒకటి చెప్పాలి. 2018 అక్టోబరులో ఎలిజబెత్ రాణి మనవరాలు ప్రిన్సెస్ యూజెనీ వీపు కనిపించేలా గౌను వేసుకుంది, ముసుగు లేకుండా. చిన్నప్పుడు వెన్నెముక వంకరకు జరిగిన ఆపరేషను గుర్తు అందరికీ కనిపించాలనే అలా కుట్టించుకుంది. నాకు ఆ పెళ్ళిళ్లన్నిటిలో ఎక్కువ నచ్చిన గౌను అదే. ఆ ఫోటో పట్టుకుని నా దుకాణానికి ఇంతవరకు ఎవరూ రాలేదు. కాలిన మచ్చ, కుట్ల గుర్తు ఉన్న అమ్మాయిలు వస్తారు, గొంతు తగ్గించి ఇక్కడ కొంచెం మూయండి అంటారు. మూస్తాను. ఫోటో చూపించి చూశాను కూడా. నవ్వి ఊరుకుంటారు.

వస్తున్నది మాత్రం యూజెనీ అక్క బీట్రిస్ గౌను. 2020 జులైలో, కరోనా రోజుల్లో, కొద్దిమంది మధ్య పెళ్ళి చేసుకుంది. నాయనమ్మ ఎలిజబెత్ 1960ల్లో వేసుకున్న హార్ట్‌నెల్ గౌనునే తీసి సరిచేయించుకుంది. అందులో కొట్టొచ్చినట్టు కనిపించే మార్పు ఏమిటో తెలుసా, పల్చని ఆర్గాంజాతో బుట్ట చేతులు కలిపారు. అక్కడా చేతులే! అప్పటి నుంచి అమ్మ తెల్ల పట్టుచీర పట్టుకుని వచ్చి దీన్ని గౌను చేయగలరా అని అడిగే అమ్మాయిలు పెరిగారు. చేయగలను, ఇష్టంగా చేస్తాను. అంచును గౌను అంచుకు తెస్తాను, పమిట పైభాగానికి పోతుంది, చేతులకు కొత్త నెట్ వస్తుంది.

చీర తెచ్చే ముందు మాత్రం ఇంట్లోనే మడతలన్నీ విప్పి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత వెంబడే చీలుతుంది. చీలినచోట్లు ఎక్కడున్నాయో తెలిస్తే వాటిని తప్పించి కత్తిరిస్తాను. పసుపు తిరిగిందని సర్ఫులో నానబెట్టవద్దు, బ్లీచింగ్ అసలే వద్దు. పాత తెలుపు పాతగానే ఉండనివ్వండి, కొత్త నెట్‌నే దాని రంగుకు తెస్తాం. పల్చని టీ డికాక్షన్‌లో నెట్ ముక్క ముంచి, ఆరబెట్టి, చీర పక్కన పెట్టి చూసి, చాలకపోతే మళ్లీ ముంచడమే. అది నైలాన్ నెట్ అయితేనే రంగు పడుతుంది, పాలిస్టర్‌కు పట్టదు. మీరే కొని తెచ్చేట్టయితే దుకాణంలో అడిగి మరీ కొనండి, కనీసం రెండు నెలల ముందు తీసుకురండి.